ఆ అద్దాల తొట్టి మీద అసలు పేరు రాయించండి

తూర్పు సింహభూమ్ జిల్లా మత్స్య అధికారి గారికి,
జంషెడ్‌పూర్.

ఆర్యా,

ఈ ఉత్తరం హిందీ ప్రతి మీ కార్యాలయానికి పోస్టులో వేశాను. అదే సంగతి తెలుగులో, నలుగురూ చదివేలా రాయడానికి కారణం ఉంది. కద్మా, సోనారీ, గోల్‌మురి, టెల్కో, ఏ పేటకు వెళ్ళినా మా శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు తరాలుగా స్థిరపడి ఉన్నారు. వాళ్ళ పిల్లలు కూడా అక్వేరియంలు కొంటున్నారు. పైగా మీకు చెప్పబోయే చేప మా ఆంధ్ర చెరువులదే. కాబట్టి మావాళ్ళు కూడా చదవాలి.

రెండేళ్ళ కిందట దసరా సెలవుల్లో మా మనవడు ఒక దుకాణం నుంచి నాలుగు చిన్న చేపలు తెచ్చాడు. పాలిథిన్ సంచిలో రూపాయి బిళ్ళంతేసి ఉన్నాయి. వెండి ఒళ్ళు, దాని మీద నల్ల చుక్కలు, గొంతు కింద కుంకుమ అద్దినట్టు ఎరుపు. దుకాణంలో ఆ తొట్టి మీద ‘పిరానా’ అని అట్టముక్క అంటించారట. “తాతా, ఇవి మనిషిని కూడా తినేస్తాయంట” అన్నాడు కళ్ళు ఇంతింత చేసుకుని. పదేళ్ళవాడు. ఆ మాట విని కొన్నాడు, వాడికి అమ్మింది కూడా ఆ మాట చెప్పే. నాలుగింటికీ 800 రూపాయలు. వాటితోపాటు రెండడుగుల తొట్టి, ఎయిర్ పంపు, గుళికల మేత డబ్బా ఇచ్చి “ఇక ఏమీ అక్కర్లేదు” అన్నారట.

అక్కర్లేనిదేదో, అక్కరపడేదేదో మాకు ఏడాది తిరిగాక గానీ తెలియలేదు.

ఆరు నెలలకు అవి అరచేతంత అయ్యాయి. తొట్టిలో అటు తిరిగితే అద్దం, ఇటు తిరిగితే అద్దం. మావాడి ఏడుపు చూడలేక నాలుగడుగుల తొట్టి కొన్నాను. అందులో ముచ్చటపడి నాటిన నీటి మొక్కలు రెండు రాత్రుల్లో మొదళ్ళతో సహా మాయమయ్యాయి. ఒకరోజు మా కోడలు వంటకి తరుగుతున్న తోటకూర కాడ ఒకటి మనవడు నీళ్ళలో పడేస్తే నాలుగూ ఎగబడి నమిలేశాయి. మనిషిని తినే చేప తోటకూర కోసం కొట్టుకోవడం చూశాకే నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

రెండో చలికాలంలో, జనవరి మొదటి వారంలో రాత్రి చలి 10 డిగ్రీల దగ్గరకు దిగింది. తొట్టికి హీటర్ పెట్టాలని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ తప్పు మాది. పొద్దున లేచేసరికి ఒక చేప పక్కకి ఒరిగి తేలుతోంది. మనవడు బడికి వెళ్ళాక దాన్ని వరండాలో పాత పేపరు మీద పెట్టి, బొటనవేలితో కింది పెదవి లాగి చూశాను. రంపం పళ్ళు ఉంటాయనుకున్నాను. లేవు. చదునుగా, పక్కపక్కన, చిగుళ్ళలోంచి అప్పుడే వచ్చిన చిన్నపిల్లాడి పళ్ళలా ఉన్నాయి. పై దవడలో ముందు వరస వెనక ఇంకో వరస. నాకు ఒళ్ళు జలదరించింది. భయంతో కాదు, మనిషి పళ్ళు చేప నోట్లో చూసినందుకు. ఆ కింది దవడని కడిగి, ఎండబెట్టి, అగ్గిపెట్టెలో దాచాను.

మా వియ్యంకుడు గారు కైకలూరు దగ్గర చేపల చెరువులు చేస్తారు. ఫోటో పంపితే వెంటనే ఫోను చేశారు. “ఇదేం పిరానా బావగారూ, రూప్‌చంద్. మా చెరువులో బొచ్చె, శీలావతితో కలిపి వేస్తాం. ఐసు వేసి మీ వైపు లారీలకి ఎత్తేది ఇదే” అన్నారు.

అంటే మా ఇంట్లో పిరానా పేరుతో ఏడాదికి పైగా పెరిగినది, మన చేపల బజారులో ‘ఆంధ్రా మచ్లీ’ బుట్టల్లో పడుకుని ఉండే చేపే.

ఈ పేర్ల చిక్కు ఒకచోటది కాదు. రూప్‌చంద్ అసలు పేరు పాకు. పిరానాలాగే దానిదీ దక్షిణ అమెరికాయే, అమెజాన్, ఒరినోకో నదులదే. పిరానాకి దగ్గరి చుట్టమే గానీ బతుకు తీరు వేరు. వానాకాలంలో అక్కడి అడవి నీట మునిగితే, చెట్ల నుంచి రాలే పళ్ళనీ గట్టి గింజలనీ కొరికి తింటుంది. ఆ చదును పళ్ళు అందుకే. కొన్ని గింజలు పగలకుండా కడుపులోకి వెళ్ళి, వేరే చోట విసర్జనలో పడి మొలుస్తాయి కూడా. అడవిని నాటే చేప అది. దాన్ని 2003, 2004 ప్రాంతంలో బంగ్లాదేశ్ మీదుగా పశ్చిమ బెంగాల్‌లోకి చాటుగా తెచ్చారు. అక్కడి నుంచి మా కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువులకు చేరింది. బెంగాలీలు రూప్‌చందా అని పిలుచుకునేది సముద్రపు చందువాని. చూడటానికి కాస్త ఆ పోలిక ఉందని ఈ మంచినీటి పరాయి చేపకి ఆ పేరు అంటగట్టారు. శ్రీకాకుళం తీరంలో పుట్టినవాణ్ణి, చందువా రుచి తెలిసినవాణ్ణి. ఆ రెండింటికీ ఒకే పేరు పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

బంగ్లాదేశ్ ప్రభుత్వం 2008లో పిరానా పెంపకాన్నీ అమ్మకాన్నీ నిషేధించింది. అయినా అక్కడి బజార్లలో పిరానాని రూప్‌చందా అని చెప్పి అమ్ముతూ పట్టుబడిన వార్తలు వస్తూనే ఉన్నాయి. ఇక్కడ రూప్‌చంద్‌ని పిరానా అంటున్నారు. తినేవాడికి భయం లేని పేరు కావాలి, అద్దంలో పెట్టుకునేవాడికి భయపెట్టే పేరు కావాలి. రెండు చోట్లా మోసపోయేది చేపని చేతిలోకి తీసుకునే మనిషే.

పేరు తప్పయితే ఏం కొంప మునిగింది అని మీ ముందు ఎవరైనా అనవచ్చు. పేరుని బట్టే కదా మనం తొట్టి కొంటాం, మేత వేస్తాం, ఎంత పెరుగుతుందో లెక్క కడతాం! ఎర్రపొట్ట పిరానా మహా అయితే అడుగుకి కాస్త అటూ ఇటూ. పాకు అలా ఆగదు, రెండున్నర అడుగులు దాటి, 20 కిలోలకు పైన తూగే చేప. రూపాయి బిళ్ళంత పిల్లని తెచ్చుకున్న కుటుంబానికి ఆ సంగతి కొన్న రోజే తెలియాలా, వద్దా?

అసలు పిరానా కూడా ఊళ్ళోకి రాదని కాదు. కలకత్తా గలిఫ్ స్ట్రీట్ ఆదివారం సంతలో దొరకని పెంపుడు ప్రాణి లేదు. అక్కణ్ణుంచి ఆక్సిజన్ నింపిన సంచులు సాయంత్రం స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రికి టాటానగర్‌లో దిగుతాయి. మోజుపడి అసలు పిరానాయే తెచ్చుకునేవాళ్ళకి కూడా నాలుగు మాటలు చెప్పాలని, మా చేప పోయాక నేను చదివి, అడిగి తెలుసుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను.

ముందుగా పోల్చుకోవడం. పిరానాకి కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. పై దవడకీ కింది దవడకీ ఒక్కొక్క వరసే పళ్ళు. ముక్కోణాలుగా, ఒకదానిలో ఒకటి ఇమిడి కత్తెరలా మూసుకుంటాయి. పాకు ముఖం నున్నగా, దవడలు సమంగా ఉంటాయి. పిల్లలప్పుడు రంగులు ఇంచుమించు ఒకటే కాబట్టి రంగు చూసి కొనకూడదు, నోరు చూసి కొనాలి.

తర్వాత, ఆ మనిషిని తినే మాట. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1914లో అచ్చువేసిన బ్రెజిల్ యాత్రా గ్రంథంలో దీన్ని ప్రపంచంలోకెల్లా క్రూరమైన చేపగా వర్ణించాడు. 1978లో సినిమా కూడా వచ్చాక ఇక ఆ ముద్ర చెరగలేదు. నది దగ్గర కూర్చుని చూసినవాళ్ళు చెప్పేది వేరు. స్కాట్లండ్‌లోని సెంట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ మగురన్, బ్రెజిల్ శాస్త్రవేత్త హెల్డర్ కెయిరోజ్ కలిసి అమెజాన్‌లో పరిశోధించారు. పిరానాలు గుంపు కట్టేది వేటకి కాదు, ప్రాణభయంతో అని తేల్చారు. మొసలి జాతులు, నది డాల్ఫిన్లు, నీటికాకులు, పెద్ద చేపలు, ఇన్ని నోళ్ళ మధ్య బతికే చేప అది. ఇంట్లో అయితే ట్యూబులైటు వేస్తే బెదిరి మూలకి చేరుతుంది. కరిచే శక్తి లేదని కాదు. నల్ల పిరానా కాటుని కొలిచి 2012లో ప్రకటించారు, దాని ఒంటి బరువుకి సుమారు 30 రెట్ల బలం. మనుషులని కరిచిన సందర్భాలు నీళ్ళు తగ్గినప్పుడు, గుడ్లకి కాపలా ఉన్నప్పుడు, ఎక్కువగా కాలికో వేలికో ఒక్క కాటు. అదీ తేలిగ్గా తీసుకునేది కాదు. తొట్టిలో చెయ్యి పెట్టి కడిగేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2011లో తొట్టిలో మైకులు దింపి పిరానాల చప్పుళ్ళు రికార్డు చేశారు. ఎదురెదురుగా నిలబడి బెదిరించుకునేటప్పుడు మొరిగినట్టు ఒక చప్పుడు. మేత దగ్గర పోట్లాటలో డోలు మీద దెబ్బలాంటిది ఇంకొకటి. తరిమేటప్పుడు పళ్ళు పటపటలాడించే శబ్దం మూడోది. పిల్లలకి చెప్పాల్సింది ఇది కదా! మనిషిని తింటుందనే కోతలు ఎందుకు?

ఇక తొట్టి. ఒంటరిగా పెడితే పిరానా బెదురుతోనే బతుకుతుంది, రెండు మూడు పెడితే బలమైనది మిగతావాటి రెక్కలు కొరికేస్తుంది. అయిదారు కలిసి ఉండాలంటే కనీసం 500 లీటర్ల నీళ్ళు కావాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో పట్టేది 56 లీటర్లు. మా మనవడికి అంటగట్టింది అదే. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తయితే 680 లీటర్లు. అంటే నీళ్ళే 680 కిలోలు. 12 మిల్లీమీటర్ల అద్దం, అడుగున రాళ్ళు, ఇనప స్టాండు కలిపితే టన్నుకి దగ్గర పడుతుంది. పాత క్వార్టర్ మేడ మీద గదిలో అంత బరువు పెట్టే ముందు ఇంజనీరుని అడగాలి. ఇది కంపెనీలో పనిచేసినప్పుడు అబ్బిన బుద్ధి. బరువు లెక్క తేలకుండా క్రేన్ హుక్కు తగిలించేవాళ్ళం కాదు.

నీళ్ళు పోసిన రోజే చేప వెయ్యకూడదన్నది నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం. చేప విసర్జనలోంచీ మిగిలిపోయిన మేతలోంచీ అమ్మోనియా పుడుతుంది. అది విషం. ఫిల్టరులో కంటికి కనపడని బ్యాక్టీరియా పెరిగి, దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అక్వేరియం వాళ్ళు దీన్ని సైక్లింగ్ అంటారు. మాంసం తినే చేపతో ఈ అమ్మోనియా మరీ ఎక్కువ, కాబట్టి ఫిల్టరు బలమైనది ఉండాలి, వారం వారం నాలుగో వంతు నీళ్ళు మార్చాలి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, విరుగుడు మందు వేశాకే తొట్టిలో పొయ్యాలి. వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య నిలవాలి. మన ఊళ్ళో డిసెంబరు, జనవరి నెలల్లో హీటర్ లేకుండా అది జరిగే పని కాదు. మా తొట్టే అందుకు సాక్ష్యం. కరెంటు పోయే పేటల్లో బ్యాటరీ మీద నడిచే ఎయిర్ పంపు కూడా ఉండాలి.

మేత గురించి మాత్రం కోపంగా చెబుతాను, మన్నించండి. స్నేహితులని పిలిచి, బతికున్న గోల్డ్‌ఫిష్‌ని పిరానా తొట్టిలో వదిలి, వీడియో తీసి నవ్వుకునే కుర్రాళ్ళున్నారు. గోల్డ్‌ఫిష్ పిరానాకి మంచి మేత కూడా కాదు. దానిలోని థయామినేజ్ అనే పదార్థం బి1 విటమిన్‌ని పాడుచేస్తుంది. దాంతోపాటు రోగాలూ తొట్టిలోకి వస్తాయి. తొక్క తీసిన రొయ్య, ముళ్ళు తీసిన చేప ముక్క వేస్తే చాలు. పిల్లలప్పుడు రోజూ, పెద్దయ్యాక వారానికి రెండు మూడుసార్లు. తినగా మిగిలింది వెంటనే తీసెయ్యాలి. ఆకలితో మాడ్చితే ఒకదాన్నొకటి తింటాయి, అది వాటి క్రూరత్వం కాదు, మన నిర్లక్ష్యం. పట్టుకోవాల్సి వస్తే నైలాన్ వల పనికిరాదు, కొరికేస్తాయి. గట్టి ప్లాస్టిక్ డబ్బాతో ముంచాలి. ఇంత చేస్తే అవి పదేళ్ళకు పైగా బతుకుతాయి. పదేళ్ళ పిల్లాడు కొన్న చేప, వాడు ఇంజనీరింగ్‌కి ఊరు విడిచి వెళ్ళిపోయాక కూడా ఇంట్లోనే ఉంటుంది. ఇది కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ చేప కాదు. గప్పీ, మోలీ లాంటి చిన్న చేపలతో రెండేళ్ళు నీళ్ళ సంగతి నేర్చుకున్నాకే దీని జోలికి వెళ్ళాలని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు మీ శాఖకి సంబంధించిన అసలు సంగతికి వస్తాను.

మిగిలిన మూడు చేపలు జానెడు దాటాయి. నాలుగడుగుల తొట్టిలో వెనక్కి తిరగడానికి ఇబ్బంది పడుతున్నాయి. అమ్మిన దుకాణంలో తిరిగి తీసుకోమని అడిగితే “నదిలో వదిలెయ్యండి, పుణ్యం” అన్నారు. మా ఇంట్లోవాళ్ళకీ ఆ మాట బాగుందనిపించింది. పట్టిన ప్రాణిని విడిచిపెడితే పుణ్యం అని పెరిగినవాళ్ళం. ఒక ఆదివారం పొద్దున మూత ఉన్న బకెట్‌లో వాటిని పెట్టుకుని, నేనూ మనవడూ ఆటోలో దోముహాని వెళ్ళాం. ఖడ్కాయ్ వచ్చి సువర్ణరేఖలో కలిసే ఆ చోటు మీకు చెప్పక్కర్లేదు. సంక్రాంతికి టుసు మేళా, కార్తీకంలో ఛఠ్ అర్ఘ్యాలు, ఊరు ఊరంతా మోకాలి లోతు నీళ్ళలో నిలబడేది అక్కడ.

గట్టు కింద ఒక పెద్దాయన విసురు వల దులుపుతున్నాడు. వలలో గుప్పెడు పరిగెలు, వేలెడంత రొయ్యలు నాలుగు. మా బకెట్ చూసి దగ్గరకు వచ్చాడు. మూత తీసి చూసి, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత హిందీలో ఒక్కటే అడిగాడు, “ఇది నా చేపల్ని తింటుందా బాబూ?”

నాకు జవాబు తెలియలేదు. మనవడు నా ముఖం చూస్తున్నాడు. మూత పెట్టి బకెట్ తిరిగి ఇంటికి తెచ్చేశాను.

ఆయన ప్రశ్నకి జవాబు వెతుకుతూ, ఇలా నదుల్లో పడ్డ పరాయి చేపల సంగతి చదివాను. 2018 ఆగస్టు వరదల తర్వాత కేరళలో చాలకుడి లాంటి నదుల్లో మత్స్యకారుల వలల్లో అరపైమా, ఎలిగేటర్ గార్ పడ్డాయి. రెండూ అమెరికా ఖండాల చేపలే. పెంచుకునేవాళ్ళ చెరువులూ తొట్లూ మునిగి బయటపడ్డాయి. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో ఎలిగేటర్ గార్ దొరికింది. తొట్టి అద్దానికి పట్టిన నాచు తింటుందని అమ్మే సక్కర్ క్యాట్‌ఫిష్ కలకత్తా తూర్పు చిత్తడి నేలల్లోనూ, మా కృష్ణా నదిలోనూ స్థిరపడిపోయింది. దాని ముళ్ళకి వలలు చినుగుతున్నాయని, కూరకి పనికిరాదని మా జాలర్లు తలపట్టుకుంటున్నారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల నీళ్ళలో దాని డీఎన్‌ఏ జాడలు వెతికే పరిస్థితి వచ్చింది. ఒక్కొక్క చేపా ఎవరో ఒకరి తొట్టిలో ముచ్చటగా ఈదినదే.

సువర్ణరేఖ రాంచీ దగ్గర పుట్టి మన ఊరిని ఒరుసుకుంటూ, బెంగాల్, ఒడిశా దాటి సముద్రంలో కలుస్తుంది. ఇక్కడ వదిలిన చేప మూడు రాష్ట్రాల జాలర్ల వలల దాకా పోగలదు. ఎగువన చాండిల్ డ్యాంలో ఊళ్ళు మునిగినవాళ్ళే ఇప్పుడు ఆ నీళ్ళలో పంజరాలు వేసి చేపలు పెంచుకుంటున్నారు. విహారానికి వెళ్ళినవాడెవడైనా అక్కడ సంచి విప్పితే? ఖడ్కాయ్ పొంగినప్పుడు బాగ్‌బేడా, జుగ్సలాయ్ లోతట్టు ఇళ్ళలోకి నీళ్ళు వస్తాయి. ఆ ఇళ్ళలోనూ అక్వేరియంలు ఉంటాయి కదా. మా నాలుగింటిలో చలికి పోయింది ఒకటే, కాబట్టి చలికి అవే చచ్చిపోతాయిలే అని ధీమాగా ఉండలేం.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. నదిలో ఒక పాకు దొరికితే ‘సువర్ణరేఖలో పిరానా’ అని ఫోన్లలో పుకారు పుడుతుంది. ఛఠ్ ముందు ఆ పుకారు లేస్తే స్నానానికి దిగే ఆడవాళ్ళకి ఎంత భయం! ఆ పెద్దాయన పరిగెలు ఎవరు కొంటారు?

చట్టం సంగతి చూశాను. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం వన్యప్రాణుల వ్యాపారం మీది అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్న పరాయి జీవులని పెంచేవాళ్ళు నమోదు చేయించుకోవాలి. అరపైమా ఆ జాబితాలో ఉంది, పిరానా గానీ పాకు గానీ లేవు. అక్వేరియం దుకాణాల కోసం 2017లో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చి మళ్ళీ వెనక్కి తీసుకుంది. కాబట్టి పైనుంచి ఏదో వస్తుందని ఎదురుచూడకుండా, జిల్లాలో మీరు పిలిచి చెబితే జరిగే పనులే అడుగుతున్నాను.

అమ్మే ప్రతి తొట్టి మీద ఆ చేప అసలు పేరు హిందీలో రాయించండి. దాని పక్కనే అది పూర్తిగా పెరిగితే ఎంత అవుతుందో ఒక గీత గీయించండి. చదవలేని పిల్లాడు కూడా ఆ గీత పక్కన తన చెయ్యి పెట్టి చూసుకుంటాడు. పెంచలేనివాళ్ళు చేపని తెచ్చి అప్పగించడానికి మీ కార్యాలయంలో గానీ, మీరు చెప్పిన చోట గానీ, నదితో సంబంధం లేని ఒక సిమెంటు తొట్టి పెట్టించండి. ప్రశ్నలు వెయ్యకుండా, జరిమానా అనకుండా తీసుకోవాలి. లేకపోతే జనం చీకటి పడ్డాక నదికే వెళతారు. జూన్‌లో వానలు మొదలయ్యే ముందు బడుల్లో ఒక్కసారి చెప్పించండి. మా తెలుగువాళ్ళకి చెప్పే పని నేను చూసుకుంటాను. బిష్టుపూర్ రామమందిరానికి పండగలకి వచ్చే పిల్లల్ని కూర్చోబెట్టి చెబుతాను.

మా మూడు చేపలు ఇప్పుడు టెల్కోలో నాతో పనిచేసిన ఒకాయన ఇంట్లో, ఆరడుగుల తొట్టిలో ఉన్నాయి. అదీ వాటికి చాలేది కాదని ఆయనకీ తెలుసు. మీ తొట్టి తయారైన రోజున వాటినే ముందుగా తెచ్చి అప్పగిస్తాం. మనవడు ప్రతి ఆదివారం తోటకూర కాడలు పట్టుకెళ్ళి వేసి వస్తున్నాడు.

మీరు ఏ రోజు రమ్మంటే ఆ రోజు వస్తాను. అగ్గిపెట్టెలో దవడ తెస్తాను, ఒకసారి మీ వేలితో ఆ పళ్ళు తడిమి చూడండి.

ఇట్లు,
కద్మా నుంచి ఒక రిటైర్డ్ కార్మికుడు